సెల్మా వంతెన మీదుగా మన అమెరికా దారి
(ధారావాహిక: 7వ భాగం)

కొవ్వూరులో గానీ, ఏటికి అవతల రాజమండ్రిలో గానీ, ఇటు నిడదవోలు, తణుకు వైపు గానీ అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒక్కటీ లేని వీధి ఇవాళ అరుదు. ఆ ఇళ్ళలో అమెరికా ప్రయాణం గురించి చెప్పుకునే కథ ఇంచుమించు ఒకటే. పిల్లవాడు బాగా చదివాడు, పెద్దవాళ్ళు అప్పో సప్పో చేసి పంపించారు, వాడు రెక్కలు ముక్కలు చేసుకుని పైకొచ్చాడు. ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ కథకు ముందు మరో కథ నడిచింది. దాన్ని మనం చెప్పుకోవడం లేదు. మనవాళ్ళు ఎంత చదివినా 1965 దాకా ఆ దేశం వాకిలి మనకు దాదాపు మూసే ఉంది. ఆ గడియ తీసింది మన మార్కులు కాదు, మన ప్రభుత్వాల రాయబారమూ కాదు. అలబామా, మిసిసిపీ, జార్జియా రాష్ట్రాల్లో లాఠీదెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్న నల్లజాతి ప్రజలు తీశారు. ఈ భాగంలో నా వాదన ఇదే. ఇది మొహమాటానికి చెప్పే కృతజ్ఞత మాట కాదు, తేదీలతో, చట్టాలతో రుజువు చేయదగిన సంగతి.

చదువూ తెలివీ ఉంటే చాలు, అమెరికా ఎప్పుడైనా ఆదరిస్తుంది అనుకునేవాళ్ళు యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూడాలి. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో వీరేశలింగం గారి బడిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, అనపర్తి అత్తవారి సాయంతో 1923లో బోస్టన్ చేరాడు. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుందో సహచర శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి తేల్చాడు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరు మీద మొదటిసారి పనిచేసిన మందులు ఆయన నాయకత్వంలో వచ్చాయి. ఇంతకంటే మెరిట్ ఏ తెలుగువాడు చూపించగలడు? అయినా 1948లో చనిపోయే నాటికి ఆయన ఆ దేశ పౌరుడు కాదు. పాతికేళ్ళు అక్కడ పరాయివాడిగానే బతికాడు. ఆయన వెళ్ళిన 1923లోనే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు కేసులో తీర్పు చెప్పింది. మామూలు జనం దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడు, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడు అన్నది దాని సారం. అప్పటికే పౌరులైన కొందరి పత్రాలు కూడా వెనక్కి లాక్కున్నారు. మరుసటి ఏడు, 1924లో, పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు స్థిరపడటానికి రానే రాకూడదని చట్టం చేశారు. భార్య శేషగిరిని హక్కుగా తీసుకెళ్ళే వీలు ఆనాటి చట్టంలో సుబ్బారావుకు లేదు. ఆ దంపతులు మళ్ళీ కలుసుకోనేలేదు.

1946లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో ఒక చిన్న సడలింపు వచ్చింది. భారతీయులు పౌరులు కావచ్చు, ఏడాదికి 100 మంది రావచ్చు అన్నారు. కొవ్వూరు తాలూకాకు వంద కాదు, మొత్తం భారతదేశానికి వంద. 1952లో వచ్చిన మెకారన్-వాల్టర్ చట్టంలోనూ మన లెక్క అదే. అదే చట్టంలో బ్రిటన్‌కు 65 వేల పైచిలుకు. ఈ చట్టంలో ఇంకో ఏర్పాటు ఉంది, దాని దగ్గర కాస్త ఆగాలి. మిగతావాళ్ళను పుట్టిన దేశాన్ని బట్టి లెక్కించేవారు. ఆసియా మూలాలున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పుట్టిన ఊరు లెక్కలోకి రాదు, రక్తం లెక్కలోకి వస్తుంది. తండ్రి భారతీయుడై, తల్లి ఆంగ్లేయురాలై, లండన్‌లో పుట్టి పెరిగిన మనిషి కూడా భారతదేశపు వందలోనే వరసలో నిలబడాలి. కులం ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకు దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. ఎక్కడికి పోయినా, ఏం చదివినా పుట్టుక వెంటాడుతుంది. నల్లవాడిని బస్సులో వెనక సీటుకు, వేరే బడికి, వేరే నీళ్ళ కుళాయికి పంపిన సూత్రమూ ఇదే. దేశం లోపల జిమ్ క్రో చట్టాలు, దేశం గుమ్మం దగ్గర కోటా చట్టాలు. రెండింటికీ వేరు ఒకటే కాబట్టి ఒకదాన్ని పెకలిస్తే రెండోది కదలక తప్పలేదు.

పెకలించే పని 1955లో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణతో ఊపందుకుంది. 1960లో గ్రీన్స్‌బరో హోటలు బల్లల దగ్గర విద్యార్థులు కూర్చుని కదలలేదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండు లక్షల మందికి పైగా కదం తొక్కారు. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. ఇవన్నీ గత భాగాల్లో చూశాం. ఇక్కడ కావలసింది 1965 మార్చి 7, ఆదివారం. అలబామాలోని సెల్మా పట్నంలో ఓటు హక్కు కోసం సుమారు 600 మంది ఇద్దరిద్దరు చొప్పున కాలిబాట మీద బారు తీరి బయల్దేరారు. ఊరు దాటాలంటే అలబామా నది మీద వంతెన ఎక్కాలి. ఆ వంతెన నడుమ ఎత్తుగా ఉంటుంది. మిట్ట ఎక్కేదాకా అవతల ఏముందో కనపడదు. మిట్ట ఎక్కాక కనపడింది నీలం టోపీలు, లాఠీలు, గుర్రాలు, గ్యాసు ముసుగులు. ముందు వరసలో 25 ఏళ్ళ జాన్ లూయిస్, వీపున సంచీ. రెండు నిమిషాల్లో వెనక్కి తిరగమని హెచ్చరించి, ఆ గడువైనా పూర్తి కాకుండానే పోలీసులు మీద పడ్డారు. లూయిస్ పుర్రె చిట్లింది. అమీలియా బాయింటన్ అనే యాభై దాటిన మహిళ స్పృహ తప్పి రోడ్డు మీద పడిపోయింది. ఆ రాత్రి ఒక టీవీ సంస్థ నాజీల విచారణ మీద తీసిన సినిమా చూపిస్తూ మధ్యలో ఆపి ఈ దృశ్యాలు వేసింది. జర్మనీ పాపాలను చూస్తూ కూర్చున్న అమెరికా ఒక్కసారి తన ముఖం తాను చూసుకుంది. వారం తిరిగేసరికి అధ్యక్షుడు జాన్సన్ పార్లమెంటు ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కోరాడు. ఆగస్టు 6న అది చట్టమైంది. అక్టోబరు 3న, అంటే రెండు నెలలైనా తిరగకముందే, న్యూయార్కు రేవులో స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర అదే జాన్సన్ వలస చట్టం మీద సంతకం పెట్టాడు. జాతి కోటాలు పోయాయి.

తేదీలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాట. అందుకే మనుషులను కూడా చూద్దాం. వలస చట్టాన్ని దిగువ సభలో నడిపించిన ఇమాన్యుయల్ సెల్లర్ బ్రూక్లిన్ సభ్యుడు, న్యాయవ్యవహారాల కమిటీ అధ్యక్షుడు. 1964 పౌరహక్కుల చట్టమూ, 1965 ఓటు హక్కు చట్టమూ ఆ కమిటీ చేతుల మీదుగా, ఆయన చేతుల మీదుగానే వెళ్ళాయి. ఆయన 1924 నాటి కోటా చట్టాన్ని కొత్త సభ్యుడిగా వ్యతిరేకించి ఓడిపోయినవాడు. నలభై ఏళ్ళు ఎదురుచూసి గెలిచాడు. ఎగువ సభలో ఈ వలస చట్టానికి 76 మంది అనుకూలంగా, 18 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ 18 మందిలో అత్యధికులు దక్షిణాది వాళ్ళు, నల్లవాళ్ళ ఓటు హక్కును అడ్డుకున్న వర్గమే. రెండు పోరాటాల్లోనూ గెలిచినవాళ్ళూ వాళ్ళే, ఓడినవాళ్ళూ వాళ్ళే, గెలిచిన సూత్రమూ ఒక్కటే. దీన్ని కాకతాళీయం అనడం కుదరదు.

దీనికి గట్టి అభ్యంతరం వేరే ఉంది. కోటాలు పోవాలని ముందు నుంచీ పోరాడింది ఇటలీ, గ్రీసు, పోలండు మూలాల వాళ్ళు, యూదులు కదా, నల్లవాళ్ళకు ఇందులో పనేమిటి అని అడుగుతారు. వాళ్ళు పోరాడిన మాట నిజమే. కానీ వాళ్ళ పోరాటం 1924 నుంచి నడుస్తూనే ఉంది, ఫలించలేదు. 1952 చట్టాన్ని ట్రూమన్ అధ్యక్షుడి హోదాలో తిప్పికొడితే, రెండు సభలూ ఆయన్ను కాదని గెలిపించుకున్నాయి. పదమూడేళ్ళలో అంత బలమైన గోడ ఎలా కూలింది? పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టడం సిగ్గుచేటు అన్న భావం ఈ మధ్యలో దేశమంతా పాకింది. దాన్ని పాకించింది పౌరహక్కుల ఉద్యమం. ఆ గాలి వీచాకే ఇటలీ వాళ్ళ తెరచాప కూడా నిండింది.

మరికొందరు అవసరాల లెక్క చెబుతారు. అమెరికాకు డాక్టర్లు కావలసి వచ్చారు, సోవియట్ రష్యాతో పోటీలో శాస్త్రవేత్తలు కావలసి వచ్చారు, అవసరం కోసం పిలిచారు, న్యాయం కోసం కాదు అంటారు. అవసరం ఉన్న మాట కాదనను. 1965 జూలై 30న వృద్ధులకు వైద్య బీమా ఇచ్చే మెడికేర్ చట్టం వచ్చింది, ఆసుపత్రులకు ఒక్కసారిగా డాక్టర్లు చాలలేదు. కానీ అంతకుముందూ కొరత ఉంది. అప్పుడు ఏం చేశారు? మార్పిడి వీసా మీద విదేశీ డాక్టర్లను పిలిపించుకుని, శిక్షణ పేరిట రాత్రింబవళ్ళు పనిచేయించుకుని, గడువు తీరగానే ఇంటికి పంపేవారు. అవసరం ఒక్కటే ఉన్నప్పుడు మనిషి చాకిరీ కావాలి గానీ మనిషి అక్కర్లేదు. 1965 చట్టం తేడా అక్కడే తెచ్చింది. 1976లో డాక్టర్ల కొరత తీరిందని ప్రకటించి విదేశీ వైద్యుల మీద కొత్త ఆంక్షలు పెట్టారు. అప్పుడు తగ్గింది వైద్య వృత్తి వాటా మాత్రమే, భారతదేశం మళ్ళీ వందకు దిగలేదు. ఎంతమందిని రానివ్వాలో అవసరం తేలుస్తుంది. ఎవరిని అసలు గుమ్మం దగ్గరే ఆపకూడదో సూత్రం తేలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేస్తే చరిత్ర అర్థం కాదు.

ఆ చట్టం చేసినవాళ్ళు మనల్ని తలుచుకుని చేయలేదన్నది కూడా నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. ఆసియా నుంచి మొదటి ఏడాది ఓ ఐదు వేల మంది రావచ్చు, ఆ తర్వాత దాదాపు ఎవరూ రారు అని అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ 1964లో కమిటీకి చెప్పాడు. ఒహాయో సభ్యుడు మైకేల్ ఫీగన్ పట్టుబట్టి బంధువులకు పెద్ద పీట వేయించాడు, ఉన్న తెల్లవాళ్ళ చుట్టాలే వస్తారు, దేశం రంగు మారదు అని. కానీ ఆ చట్టంలో పుట్టుక అనే మాటను కొట్టేశాక ఇక చేసినవాళ్ళ మనసులో ఏముందన్నది అడ్డురాలేదు. ఒక్కో దేశానికి 20 వేల పరిమితి, వృత్తి నిపుణులకు ఏడాదికి 17 వేల వీసాలు. 1968 జూలై 1 నుంచి పూర్తిగా అమలు. యూరప్ డాక్టర్లకు రావలసినంత అవసరం లేకపోయింది. ఆ ఖాళీలోకి గుంటూరు, విశాఖ, కాకినాడ, హైదరాబాదు వైద్య కళాశాలల పిల్లలు వెళ్ళారు. తర్వాత తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు. ఫీగన్ పెట్టిన చుట్టరికపు గొళ్ళెం మనకు తాళంచెవిగా పనికొచ్చింది. 1960లో ఆ దేశంలో భారతదేశంలో పుట్టినవాళ్ళు 12 వేల చిల్లర. 2000 జనాభా లెక్కల్లో భారతీయ మూలాలవాళ్ళు 16 లక్షల 78 వేలు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే 80 వేలు దాటారు.

ఇక మన ఒడ్డు సంగతి. వాకిలి తెరిచినంత మాత్రాన సరిపోదు, అక్కడి దాకా నడిచి వెళ్ళే ఓపిక ఉండాలి. 1965లో కొవ్వూరు నుంచి రాజమండ్రికి బస్సులో నేరుగా వెళ్ళే వీలు లేదు. పాత హేవలాక్ వంతెన మీద రైలైనా ఎక్కాలి, రేవులో పడవైనా ఎక్కాలి. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో గాని రాలేదు. అయినా ఈ డెల్టా నుంచి పిల్లలు అంత దూరం వెళ్ళగలిగారంటే, దానికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టాలి. కాలవ నీళ్ళు, సార్వా, దాళ్వా రెండు పంటలు, వాటి మీద వచ్చిన డబ్బు, ఆ డబ్బుతో హైస్కూళ్ళు, 1946లో మొదలైన ఇంజనీరింగు కళాశాల, 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల. పశ్చిమ గోదావరిలోని ఆచంటలో 1967లో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 వరి వేసి దేశానికి దారి చూపారు. ఆ విత్తనం వెనక అమెరికా ఫౌండేషన్ల డబ్బు ఉంది. అదే రోజుల్లో జాన్సన్ మనకు గోధుమ ఓడలను నెల నెలా లెక్కపెట్టి వదులుతున్నాడు. ఒక చేత్తో తిండి బిగించి, ఇంకో చేత్తో డాక్టర్లకు వాకిలి తీశాడు. రెండూ ఒకే మనిషి పనులే.

ఈ నీళ్ళు అందరి పొలాలకూ పారలేదు, పొలమే లేనివాళ్ళు చాలామంది. మొదటి విడత వెళ్ళినవాళ్ళు ఎక్కువగా భూమి ఉన్న కులాల వాళ్ళు, తరతరాల చదువున్న బ్రాహ్మణ కుటుంబాల వాళ్ళు. ఆ పొలాల్లో నాట్లు వేసిన, కోతలు కోసిన మాల, మాదిగ కుటుంబాల పిల్లలు వైద్య కళాశాల గేటు దాటడమే గగనం. 1970లో అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన తరగతులకు 25 శాతం సీట్లు కేటాయిస్తే, మెరిట్ మంటగలిసిపోతుందని గోల లేచింది. హైకోర్టు కొట్టేసింది, 1972లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆరేళ్ళకు, 1978లో, అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇదే వాదన వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వైద్య కళాశాలలో 100 సీట్లకు 16 అణగారిన జాతులకు ఉంచితే, ఎలన్ బాకీ అనే తెల్లవాడు తన సీటు పోయిందని వాజ్యం వేశాడు. కోర్టు సీట్లు కేటాయించడం చెల్లదంది, జాతిని ఒక అంశంగా చూడవచ్చంది. ఆ సమయానికి అమెరికాలో స్థిరపడుతున్న మనవాళ్ళలో చాలామంది మనసు బాకీ వైపే ఉంటే ఆశ్చర్యం లేదు. ఇంటి దగ్గర విని వెళ్ళిన వాదనే అక్కడా వినపడింది. కానీ అదే దశాబ్దంలో భారతీయ సంఘాలు మమ్మల్ని ప్రత్యేక మైనారిటీగా గుర్తించమని జనాభా లెక్కల శాఖకు విన్నవించాయి, 1980 లెక్కల్లో ఆ గడి వచ్చింది. 1982లో చిన్న వ్యాపారాల సాయంలో భారతీయులు కూడా వెనకబడిన వర్గాల జాబితాలో చేరారు. నల్లవాళ్ళు తెచ్చిన చట్టపు చెట్టు కింద నీడా తీసుకున్నాం, పండూ కోసుకున్నాం. అలాంటప్పుడు ఆ చెట్టు నాటినవాళ్ళ గురించి పిల్లలకు ఏం చెబుతున్నాం?

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది, దాన్ని నేరుగా చెప్పాలి. కొత్తగా వెళ్ళే విద్యార్థికి మన పెద్దలు, సీనియర్లు చెప్పే జాగ్రత్తల్లో నల్లవాళ్ళుండే పేటల వైపు వెళ్ళకు, వాళ్ళతో స్నేహం వద్దు అన్నది తప్పకుండా ఉంటుంది. మార్టిన్ లూథర్ కింగ్ పేరు తెలిసినవాళ్ళు కూడా ఆయన్ను గాంధీ శిష్యుడిగా తెలుసుకుని గర్విస్తారు. అంటే ఉపకారం మనం చేసినట్టే లెక్క. గాంధీ నుంచి కింగ్ నేర్చుకున్నది నిజం. ఆ రుణం 1965లో వడ్డీతో సహా తిరిగొచ్చిందన్నది అంతకంటే పెద్ద నిజం. మన తొలి తరం డాక్టర్లలో ఎందరో డెట్రాయిట్, షికాగో, న్యూయార్కు నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేశారు. తెల్ల డాక్టర్లు వదిలిపోయిన వార్డులవి. అక్కడ వాళ్ళ చేతి కింద వైద్యం పొందినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. ఒకరి పోరాటం వల్ల వచ్చిన డాక్టరు, ఆ పోరాడినవాళ్ళకే నాడి పట్టి చూశాడు. 1976లో పిట్స్‌బర్గు వెంకటేశ్వరాలయం, 1977లో న్యూయార్కు తెలుగు మహాసభ, ఆ తర్వాత తానా, ఇవన్నీ ఆ తరం కూడబెట్టి కట్టుకున్నవి. వాటి చరిత్రలు రాసుకున్నప్పుడు ఈ మొదటి పుట కూడా రాసుకోవాలి.

ఈ పని పూర్తయిపోలేదనడానికి సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉంది. 1965 చట్టం దేశానికింత అని పెట్టిన పరిమితిని 1990 చట్టం ఏడు శాతంగా మార్చింది. హెచ్-1బి వీసా పుట్టింది ఆ చట్టంలోనే. వై2కె రోజుల్లో వెళ్ళిన మన ఇంజనీర్ల వెనక వరస పెరిగి పెరిగి, ఇవాళ గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాలు నిరీక్షిస్తున్నారు. పక్క కుర్చీలో అదే పని చేసే వేరే దేశం వాడికి కొన్నేళ్ళలోనే వస్తుంది. తేడా చదువులో లేదు, జీతంలో లేదు, పుట్టిన దేశంలో ఉంది. కోటా బాధ ఎలా ఉంటుందో 1965 ముందు తరానికి తెలిసినంతగా ఇప్పుడు మన పిల్లలకు తెలుసు. దాన్ని ఎలా పోగొట్టారో కూడా తెలియాలి.

పిల్లల దగ్గరికి వెళ్ళే కొవ్వూరు అమ్మానాన్నలకు నయాగరా చూపిస్తారు, స్వేచ్ఛా ప్రతిమ చూపిస్తారు, పిట్స్‌బర్గు గుడికి తీసుకెళ్తారు. తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న అట్లాంటా నుంచి సెల్మాకు కారులో నాలుగు గంటలు పట్టదు. ఆ అట్లాంటాకే జాన్ లూయిస్ 1987 నుంచి 2020లో చనిపోయే దాకా పార్లమెంటు సభ్యుడు. వంతెనకు ఇప్పటికీ బానిసత్వం కోసం యుద్ధం చేసిన సేనాపతి ఎడ్మండ్ పెట్టస్ పేరే ఉంది. పొడవు 1,250 అడుగులు కూడా లేదు, నాలుగు కిలోమీటర్ల మన గోదావరి వంతెన చూసిన కళ్ళకు అది కాలవ మీది వంతెనలా ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లల్నీ మనవల్నీ వెంటబెట్టుకుని దాని మీద ఒక్కసారి ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి.